మేకు, బోల్టు లేకుండా ఈ కాలంలో చెక్క భవనం నిలబెట్టొచ్చా?

మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు ముందు చెప్పుకుంటాను. మీరు ఆర్కిటెక్టు. రెండంతస్తుల గ్రంథాలయం గీస్తున్నారు, 9 మీటర్ల వెడల్పు, 15 మీటర్ల పొడవు. కట్టించేవాళ్ళు ఇనుము ముక్క కూడా వాడకుండా, పూర్తిగా కుసి–బెజ్జం పద్ధతిలోనే, అంటే ఒక కర్ర కొసను సన్నగా చెక్కి (కుసి) ఇంకో కర్ర రంధ్రంలో (బెజ్జం) దూర్చి, కావాలంటున్నారు. మీ స్ట్రక్చరల్ ఇంజినీరేమో ప్రతి కూడలిలోనూ (దూలాలు, స్తంభాలు కలిసే చోట) స్టీలు ప్లేటు, బోల్టులు ఉండి తీరాలంటున్నాడు. ఎవరి మాట వినాలి, ఈ మధ్య నిజంగా ఎవరైనా అలా కట్టారా, నిప్పంటుకుంటే ఏమవుతుంది అని అడిగారు.

కట్టొచ్చు. కానీ మీరు జత చేసిన డ్రాయింగుతో కట్టలేరు. ఆ ఫ్రేము స్టీలుకోసం ఆలోచించినది. స్టీలు సెక్షన్లు తీసేసి వాటి చోట దుంగలు పెట్టినట్టుంది. ఆ డ్రాయింగు చూసిన ఏ ఇంజినీరైనా ప్లేట్లు, బోల్టులే అడుగుతాడు, కాబట్టి మీ ఇంజినీరును తప్పుపట్టను. చెక్క కూర్పులతో కట్టాలంటే ముందు కూడలి గీయాలి, దాన్నుంచి దూలం సైజు, స్తంభాల మధ్య దూరం, చివరికి గది వెడల్పు కూడా పుట్టాలి. ఇప్పుడు మీరు వెళ్తున్న దారి దీనికి సరిగ్గా ఎదురు.

నేను చెక్క కట్టడాలకు లెక్కలు వేస్తాను, పాతవాటిని విప్పి బాగుచేయిస్తాను. కొత్తవాటి కంటే విప్పిన వాటి దగ్గరే ఎక్కువ నేర్చుకున్నాను. కింద రాసేది ఆ అనుభవంలోంచి వచ్చినదే.

మొదట బలాల సంగతి. చెక్క కూర్పు నొక్కుడుకు అద్భుతంగా పనిచేస్తుంది. దూలం కొస స్తంభం గాడిలో కూర్చుంటే బరువు చెక్క నుంచి చెక్కకు నేరుగా దిగిపోతుంది, అక్కడ చీల (కూర్పును బిగించడానికి అడ్డంగా కొట్టే చెక్క మేకు) పని దాదాపు ఏమీ లేదు. లాగుడు దగ్గరే ఇబ్బంది. కుసిని బెజ్జంలోంచి బయటికి లాగే బలం వస్తే దాన్ని ఆపేది ఆ ఒక్క చీల, ఆ చీల రంధ్రానికి కుసి కొసకు మధ్య మిగిలిన కాస్త చెక్క. 25 మిల్లీమీటర్ల గట్టి చెక్క చీల మీద లెక్కలో అనుమతించేది కొన్ని కిలోన్యూటన్లే (ఒక్కోటి దాదాపు వంద కిలోల బరువు). అదే చోట ఒక స్టీలు ప్లేటు దానికి ఎన్నో రెట్లు మోస్తుంది. అందుకే పాత వడ్రంగులు లాగుడు వచ్చే చోట్లను వీలైనంత తగ్గించి ఫ్రేము అల్లేవారు. ఊతకర్రలు రెండు వైపులా పెట్టి, గాలి ఎటు నుంచి వీచినా ఏదో ఒక ఊత నొక్కుడులో ఉండేట్టు చూసేవారు. లాగుడులోకి వెళ్ళిన ఊత ఆ క్షణానికి పనిచేయకపోయినా ఫరవాలేదు.

చీల గురించి ఒక మాట, ఎందుకంటే మీ డ్రాయింగులో కుసి రంధ్రం, స్తంభం రంధ్రం ఒకే గీతలో ఉన్నాయి. అలా ఉండకూడదు. కుసి మీది రంధ్రాన్ని దాని భుజం (కుసి మొదట్లో స్తంభానికి ఆనే వెడల్పాటి అంచు) వైపు సుమారు 3 మిల్లీమీటర్లు జరిపి తొలుస్తారు. చీల కొట్టినప్పుడు అది కొద్దిగా వంగి, భుజాన్ని స్తంభానికి బిగించి లాగుతుంది. చెక్క ఎండి సన్నబడ్డాక కూడా ఆ బిగువు చాలావరకు మిగులుతుంది. చీలను రంపంతో కోసి చేయకూడదు, నార వెంట చీల్చి చేయాలి. కోసిన చీలలో నార వంకరగా పోతే సుత్తి దెబ్బకు ఏటవాలుగా విరుగుతుంది. ఫ్రేము చెక్క పచ్చిగా ఉన్నా సరే, చీల మాత్రం బాగా ఎండిన చేవ అయి ఉండాలి.

ఇప్పుడు మీ డ్రాయింగులో నన్ను ఎక్కువగా భయపెట్టిన చోటుకు వస్తాను. లోపలి స్తంభాల దగ్గర నాలుగు దూలాలు నాలుగు దిక్కుల నుంచి ఒకే ఎత్తులో వచ్చి కలుస్తున్నాయి. స్టీలులో ఇది మామూలు విషయం. చెక్కలో లెక్క చూడండి. స్తంభం 200 × 200 మిల్లీమీటర్లు అంటే 40,000 చదరపు మిల్లీమీటర్లు. 50 మిల్లీమీటర్ల మందం కుసి ఒక దిశలో ఆరుపార వెళ్తే 10,000 పోతుంది. రెండో దిశలోనూ అదే ఎత్తులో వెళ్తే, మధ్యలో రెండూ కలిసే చోటును ఒక్కసారే లెక్కపెట్టినా మొత్తం 17,500 పోతుంది. మిగిలింది 22,500, అంటే 56 శాతం. నిలువు బరువు వరకే అయితే అది సరిపోవచ్చు. కానీ గాలి పక్కకు నెట్టినప్పుడు స్తంభం వంగాలని చూసేది సరిగ్గా ఆ ఎత్తులోనే. పైగా చీల రంధ్రాలు ఇంకా లెక్కలోకి రాలేదు.

దారి పాతదే. ఒక దిశ దూలాలను పైన, రెండో దిశ దూలాలను వాటి కింద పెట్టండి. ఏ ఎత్తులో కోసి చూసినా స్తంభంలో 75 శాతం మిగులుతుంది. అలా చేస్తే నేల మందం పెరుగుతుంది, మీ మెట్ల లెక్క మారుతుంది, కిటికీ పై అంచు మారుతుంది. కూడలి నుంచి మొదలుపెట్టాలని పైన అన్నది ఇందుకే. ఈ మార్పు ఇప్పుడైతే పెన్సిలుతో పోతుంది, చెక్క కోశాక ఎవరూ చేయలేరు.

9 మీటర్ల వెడల్పు గురించి కూడా. ఆ దూరాన్ని మధ్యలో ఆసరా లేకుండా ఒకే దుంగతో దాటించి, పైన పుస్తకాల బరువు పెట్టడం కుదిరే పని కాదు. పుస్తకాల బీరువాలు ఇంటి సామాను కంటే చాలా బరువు. మధ్యలో ఒక స్తంభాల వరస పెట్టండి. 3, 3, 3 మీటర్లుగా విడగొడితే ఇంకా మంచిది, నడవ దానంతట అదే వస్తుంది. పైకప్పుకు మాత్రం 9 మీటర్లు ట్రస్సుతో (ముక్కోణాలుగా అల్లిన కర్రల చట్రంతో) దాటొచ్చు. అక్కడ వాసం వచ్చి అడ్డ దూలం కొసలో కూర్చునే గాడిని జాగ్రత్తగా చూడండి. గాడి లోతు దూలం ఎత్తులో నాలుగో వంతు దాటకూడదు. గాడి తర్వాత దూలం కొస వరకు మిగిలే చెక్క పొడవే వాసం నెట్టుడును ఆపుతుంది. ఆ పొడవు మరీ తక్కువైతే కొస ముక్క నార వెంట పొరలా ఊడిపోతుంది. అలాగని ఎంత పెంచితే అంత బలం రాదు, గాడి లోతుకు ఎనిమిది రెట్లు దాటిన పొడవును లెక్కలోకి తీసుకోరు. నేను విప్పించిన పాత ట్రస్సుల్లో విఫలమైన చోటు ఎక్కువగా ఇదే. బయటికి పొడుచుకొచ్చిన కొసలను అందంగా లేవని ఎవరో తర్వాతి కాలంలో కోసేయించి ఉంటారు.

పక్కబలాల విషయంలో మీకో సులువు చెప్తాను. గాలిని, భూకంపాన్ని కూడళ్ళ మీద వేయకండి. గోడలకు ప్లైవుడ్ గానీ సీఎల్‌టీ పలకలు (చెక్క పొరలను అడ్డదిడ్డంగా అతికించిన మందపాటి పలకలు) గానీ బిగించి, నేలను కూడా ఒకే పలకలా పనిచేయించి, పక్కబలం మొత్తాన్ని వాటికి అప్పగించండి. అప్పుడు ఫ్రేము నిలువు బరువు మోస్తే చాలు, కుసి–బెజ్జానికి అది ఇష్టమైన పని. మీ కట్టించేవాళ్ళు ఈ మాట వినగానే ప్లైవుడ్‌కు మేకులు కావాలి కదా అంటారు. కావాలి. అది వాళ్ళతో మీరు తేల్చుకోవాల్సిన సంగతి.

తూర్పు ఆసియా పద్ధతి వేరు. అక్కడ స్తంభాల గుండా అడ్డ కర్రలు ఆరుపార దూర్చి, సందుల్లో చెక్క చీలికలు దిగగొట్టి బిగిస్తారు, జపాన్‌లో దాన్ని నుకి అంటారు. భవనం ఊగినప్పుడు అడ్డ కర్ర స్తంభం చెక్కను కొద్దికొద్దిగా నొక్కుతూ తిరుగుతుంది, ఆ నొక్కుడులో, రాపిడిలో భూకంపం శక్తి ఖర్చవుతుంది. చైనాలోని యింగ్‌షియన్ చెక్క పగోడా 1056లో కట్టింది, ఎత్తు సుమారు 67 మీటర్లు, ఇన్ని భూకంపాల తర్వాత కూడా నిలిచే ఉంది. కానీ ఆ పద్ధతి పనిచేయాలంటే కూడళ్ళు చాలా ఉండాలి, ఒక్కొక్కటీ కొంచెం మోయాలి, భవనం బాగా ఊగడానికి అందరూ ఒప్పుకోవాలి. గాజు గోడలు, జిప్సం పూతలు ఉన్న గ్రంథాలయంలో అంత ఊపు కుదరదు. మీకు అది సలహా ఇవ్వను.

ఇక ఇనుము అసలు ఉండకూడదన్న పట్టుదల. దీని మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది. పాతవాళ్ళు ఇనుము వాడలేదన్నది మనం తర్వాత అల్లుకున్న మాట. ప్రపంచంలో నిలిచి ఉన్న అతి పాత చెక్క భవనాలు జపాన్‌లోని హోర్యూజీ ఆలయానివి. వాటిలో చేత్తో సాగగొట్టిన ఇనుప మేకులున్నాయి. ఐరోపాలో ట్రస్సు నిట్టాడు (మధ్య నిలువు కర్ర) కింద, లాగుడు వచ్చే చోట, ఇనుప పట్టీ వేయడం శతాబ్దాల అలవాటు. వడ్రంగి దగ్గర మంచి ఇనుము ఉంటే వాడాడు, లేకపోతే లేకుండా ఎలా చేయాలో ఆలోచించాడు. సంప్రదాయం నుంచి తీసుకోవాల్సింది ఇనుము మీద పంతం అని నాకు ఎప్పుడూ అనిపించలేదు. చెక్క కదులుతుందని ముందే ఒప్పుకుని కట్టడం, చెడిన ముక్కను ఊడదీసి కొత్తది పెట్టే వీలు ఉంచడం, ఈ రెండూ తీసుకోండి. మీ భవనంలో ట్రస్సు లాగుడు చోట్ల నాలుగు స్టీలు కడ్డీలు పెడితే కొంప మునగదు. నేనైతే కనపడేట్టు పెడతాను. దాచిన స్టీలు కంటే కనపడే స్టీలుకు తుప్పు పట్టినప్పుడు తెలుస్తుంది.

అలాగని మీ ఇంజినీరు అనుకుంటున్నట్టు స్టీలు పెడితే భద్రత దానంతట అది వచ్చేయదు. నార్వేలో ట్రెట్టెన్ దగ్గర గ్లూలామ్ (చెక్క పొరలు అతికించి చేసిన దుంగలు) ట్రస్సు వంతెన 2012లో తెరిచారు, 2022 ఆగస్టులో కూలిపోయింది. దుంగల్లో చీలిక కోసి, స్టీలు ప్లేట్లు దూర్చి, స్టీలు పిన్నులతో కలిపిన కూడళ్ళవి. విచారణలో తేలింది ఏమిటంటే ఒక కూడలిలో పిన్నుల గుంపు చుట్టూ ఉన్న చెక్క ముద్దగా ఊడి వచ్చింది. స్టీలు బాగానే ఉంది, దాని చుట్టూ చెక్క చాలలేదు. ప్లేటు ఎంత బలమైనదైనా చివరికి బరువు దిగాల్సింది చెక్క నారలోకే. మీ ఇంజినీరును పిన్నుల సంఖ్య కాదు, ఆ ముద్ద ఊడే లెక్క చూపించమని అడగండి.

ఈ మధ్య ఎవరైనా కట్టారా అన్నారు. కట్టారు. మీ కట్టించేవాళ్ళకు చూపించడానికి బాగా పనికొచ్చేది జ్యూరిక్‌లోని టమీడియా అనే మీడియా సంస్థ కార్యాలయం. జపాన్ ఆర్కిటెక్టు షిగేరు బాన్ రూపొందించారు, 2013లో పూర్తయింది, ఏడంతస్తులు. దాని చెక్క ఫ్రేము కూడళ్ళలో లోహం లేదు. అయితే ఒకటి గమనించండి. ఆ దుంగలు అడవి నుంచి నేరుగా వచ్చినవి కావు, పొరలు అతికించిన గ్లూలామ్. కూడళ్ళను యంత్రం కోసింది. సంప్రదాయ తర్కాన్ని ఇప్పటి పదార్థంతో, ఇప్పటి కొలత ఖచ్చితత్వంతో చేశారు. జపాన్‌లో ఆర్కిటెక్టు కెంగో కుమా 2010లో కట్టిన జీసీ ప్రోస్థో మ్యూజియం ఇంకో దారి పట్టింది. 60 మిల్లీమీటర్ల చదరపు కర్రలు, ఒకదాంట్లో ఒకటి చిక్కుకునే చిదోరి అనే పాత ఆటబొమ్మ కూర్పు, అదే వేలసార్లు. ఒక్కో కూడలి మీద పడే బరువు తక్కువ కాబట్టి అది సాధ్యమైంది. దాన్ని చూసి అలాంటి కూర్పునే పెద్ద దూలాలకు వాడదామనుకుంటే తప్పు, ఎందుకంటే ఆ కూర్పులో ప్రతి కర్రలోనూ సగానికి పైగా చెక్క కోతకే పోతుంది.

2025లో ఒసాకా ఎక్స్‌పోకు సౌ ఫుజిమోటో రూపొందించిన గ్రాండ్ రింగ్ చూసే ఉంటారు, సుమారు 2 కిలోమీటర్ల చుట్టుకొలత. నుకి పద్ధతే, కానీ కూడళ్ళకు లోహం తోడుగా ఇచ్చారు. నాకు అందులో సిగ్గుపడాల్సింది ఏమీ కనపడదు. లక్షల మంది పైన నడిచిన కట్టడం అది. ఎత్తు పెరిగితే ఇంకా మారిపోతుంది. నార్వేలోని మ్యోస్టార్నెట్ అనే చెక్క భవనం 18 అంతస్తులు, 85.4 మీటర్లు, 2019లో పూర్తయింది. దాని కూడళ్ళన్నీ దాచిన స్టీలు ప్లేట్లు, పిన్నులే. గాలికి ఊపు తగ్గించడానికి బరువు కావాల్సి వచ్చి పై ఏడంతస్తుల నేలలు కాంక్రీటుతో వేశారు. అంత ఎత్తులో కుసి–బెజ్జం అడగడం న్యాయం కాదు. మీరు కట్టేది రెండంతస్తులే కాబట్టి ఆ గొడవ లేదు.

ఇప్పుడు అసలు విషయం. ఇంతవరకు మీరు అడిగినవాటికి జవాబు చెప్పాను. మీరు అడగనిది ఒకటుంది, చాలా భవనాలు దెబ్బతినేది దానివల్లే. తేమ.

చెట్టు కొట్టినప్పుడు చెక్కలో నీళ్ళు చాలా ఉంటాయి. నార లోపలి ఖాళీల్లోని నీరు పోయేంతవరకు సైజు మారదు. తేమ సుమారు 30 శాతానికి దిగాక నార గోడల్లోని నీరు పోవడం మొదలవుతుంది, అక్కడి నుంచి చెక్క ముడుచుకుంటుంది. అన్ని వైపులా సమానంగా ముడుచుకోదు. వార్షిక వలయాల వెంట ఎక్కువ, వలయాలకు అడ్డంగా దాదాపు అందులో సగం, పొడవు వెంట దాదాపు ఏమీ లేదు. గదిలో వాడుకకు వచ్చేసరికి 12 శాతం దగ్గర ఆగుతుందనుకుందాం. చాలా మెత్తని జాతి చెక్కలకు మేము వాడే మోటు లెక్క, నారకు అడ్డంగా తేమ ఒక్క శాతం తగ్గితే 0.25 శాతం ముడుపు. 30 నుంచి 12 అంటే 18 శాతం, ముడుపు 4.5 శాతం. 300 మిల్లీమీటర్ల ఎత్తున్న పచ్చి దూలం 13 మిల్లీమీటర్లకు పైగా పొట్టిదవుతుంది. పక్కనే నిలబడ్డ 3 మీటర్ల స్తంభం మహా అయితే ఐదారు మిల్లీమీటర్లు తగ్గుతుంది.

ఈ తేడాయే భవనాన్ని పీకి పందిరి వేస్తుంది. మీ సెక్షన్లో (భవనాన్ని నిలువునా కోసినట్టు చూపే డ్రాయింగులో) బయటి గోడ దగ్గర స్తంభం మీద దూలం, దాని మీద నేల దూలం, మళ్ళీ దాని మీద పై అంతస్తు స్తంభం ఉన్నాయి. అంటే అడ్డంగా పడుకున్న చెక్క రెండు వరసలు. లోపల మాత్రం స్తంభం కింది నుంచి పై వరకు ఒకటే. ఎండాక బయటి వరస ఒక అంగుళం దాకా దిగుతుంది, లోపలిది దిగదు. మీ పై అంతస్తు నేల బయటికి వాలిపోతుంది, తలుపులు పట్టేస్తాయి. దీనికి రెండే దారులు. బయట కూడా స్తంభాన్ని ఒకటిగా పైదాకా తీసుకెళ్ళి దూలాలను పక్కనుంచి దూర్చడం ఒకటి. రెండు వైపులా పడుకున్న చెక్క మందాన్ని సమానం చేయడం ఇంకోటి. నాకు మొదటిదే ఇష్టం. దుంగలు అడ్డంగా పేర్చి కట్టే గోడల్లో ఇదే విషయం పెద్దదై కనపడుతుంది. పచ్చి దుంగల గోడ ఒక అంతస్తుకు పది సెంటీమీటర్లకు పైగా దిగగలదు, అందుకే వాళ్ళు కిటికీల పైన ఖాళీ వదిలి పలకతో కప్పుతారు.

పచ్చి చెక్కా, ఎండిందా అని మీరు అడగకపోయినా తప్పక ఎదురవుతుంది. లావు దుంగ పూర్తిగా ఎండడానికి ఏళ్ళు పడుతుంది. పాత లెక్క ప్రకారం 25 మిల్లీమీటర్ల మందానికి ఏడాది. అందుకే పాత ఫ్రేముల్లో చాలావరకు పచ్చిగా ఉన్నప్పుడే కోసి, నిలబెట్టాక ఎండనిచ్చారు. పారిస్ నోట్రడామ్ కప్పు 2019 ఏప్రిల్ 15న కాలిపోయాక మళ్ళీ కట్టినప్పుడు కూడా పచ్చి ఓక్‌నే గొడ్డళ్ళతో చెక్కారు. 2024 డిసెంబరులో తెరిచారు. గొడ్డలి నార వెంట పోతుంది కాబట్టి నార తెగకుండా ఉంటుంది. రంపం నారను పట్టించుకోకుండా తిన్నగా కోసుకుపోతుంది. కానీ అది చల్లగా, గాలాడే కప్పు. మీది ఏడాదంతా గాలిని ఆరబెట్టే యంత్రాలు నడిచే గ్రంథాలయం. పచ్చి దుంగలు పెట్టి మొదటి నెలలోనే యంత్రాలు గట్టిగా నడిపితే పైపొర వేగంగా ఎండి లోపలిది ఎండక, వేలు దూరేంత నెర్రెలు విచ్చుతాయి. నేను చూసిన ఒక సభా మందిరంలో ప్రారంభోత్సవం తొందరలో సరిగ్గా ఇదే జరిగింది. ఆ నెర్రెల వల్ల బలం పెద్దగా పోలేదు, కానీ ఆ మాట భవనం యజమానికి నచ్చజెప్పడానికి చాలాకాలం పట్టింది. మీ భవనానికి నా సలహా, ముఖ్యమైన దూలాలు గ్లూలామ్ గానీ వేడిగాలి బట్టీలో ఎండబెట్టినవి గానీ తీసుకోండి. ఒప్పందంలో తేమ శాతం అంకెలో రాయండి, దుంగలు దిగిన రోజే మీటరుతో కొలవండి.

పుచ్చు పట్టడం ఇంకో సంగతి. చెక్క తేమ 20 శాతం లోపు ఉన్నంతకాలం పుచ్చు పట్టించే శిలీంధ్రం మొదలుకాదు. అంటే సమస్య వాన తగలడంలో కాదు, తడిసింది ఆరకపోవడంలో ఉంది. దుంగను అడ్డంగా కోసిన ముఖం పక్క ముఖాల కంటే ఎన్నో రెట్లు వేగంగా నీరు పీల్చుకుంటుంది, కాబట్టి స్తంభం పాదమూ దూలం కొసలూ కాపాడండి. నార్వేలో పాతకాలపు చెక్క చర్చిలు మొదట స్తంభాలను నేలలో పాతి కట్టారు, పాదాలు పుచ్చిపోయాయి. తర్వాత రాతి మీద పట్టె వేసి దాని మీద నిలబెట్టడం మొదలుపెట్టారు. బోర్గుండ్ చర్చి అలాంటిది. 1180 ప్రాంతంలో కొట్టిన దుంగలతో కట్టిన ఆ చర్చి ఇప్పటికీ ఉంది. స్తంభం పాదం నేల మీద నుంచి కనీసం ఒక జానెడు పైన ఉంచండి, కింద నీరు నిలవకుండా, చుట్టూ గాలాడేట్టు. స్తంభం పాదాన్ని స్టీలు పెట్టెలో కూర్చోబెట్టడం నాకు అస్సలు నచ్చదు, అందులో నీరు చేరితే బయటికి దారి ఉండదు.

మీ ఎలివేషన్లో (బయటి ముఖం డ్రాయింగులో) దూలాల కొసలు గోడ దాటి బయటికి పొడుచుకొచ్చాయి. చూడ్డానికి బాగుంది. కానీ ప్రతి కొసా గోడలో ఒక రంధ్రం. చెక్క ముడుచుకున్నప్పుడు దాని చుట్టూ అతికించిన టేపు ఊడుతుంది, లోపలి వెచ్చని తేమ గాలి ఆ సందులోంచి పోతూ చల్లని చోట నీరై దూలంలోనే చేరుతుంది. ఫ్రేము మొత్తం లోపల ఉంచి, ఇన్సులేషన్ దాని బయట కోటులా చుట్టండి. బయట కొసలు కావాలనిపిస్తే వేరే ముక్కలు బిగించండి, అవి చెడితే మార్చుకోవచ్చు.

నిప్పు గురించి మీ ఆందోళన సహజమే, కానీ లావు చెక్క విషయంలో జనం అనుకునేదానికి భిన్నంగా జరుగుతుంది. పైన బొగ్గు పొర కట్టి లోపలి చెక్కను కాపాడుతుంది, కాలడం ఊహించగలిగే వేగంతో లోపలికి సాగుతుంది. యూరోకోడ్ (ఐరోపా నిర్మాణ ప్రమాణాలు) మెత్తని జాతి దుంగలకు నిమిషానికి 0.8 మిల్లీమీటర్లు, గ్లూలామ్‌కు 0.7 అని లెక్క వేయమంటుంది. అరగంటకు దుంగలో 24 మిల్లీమీటర్లు. దాని వెనక వేడెక్కి బలం తగ్గిన పొరకు ఇంకో 7. అంటే నాలుగు వైపులా కాలిన 200 మిల్లీమీటర్ల స్తంభంలో 138 మిల్లీమీటర్ల చదరం గట్టిగా మిగులుతుంది. ముందే ఆ మిగిలిన సైజుకు లెక్క వేసుకుంటే సరి. గట్టి జాతుల్లో ఇంకా నెమ్మది. ఇక్కడ కుసి–బెజ్జానికి నిజమైన లాభం ఉంది. బయటపడ్డ స్టీలు ప్లేటు 600 డిగ్రీల దగ్గర సగం బలం కూడా నిలుపుకోలేదు, పైగా ఆ వేడిని బోల్టు గుండా చెక్క లోపలికి మోసుకెళ్తుంది. చెక్క కూర్పులో ఆ బెడద లేదు. కానీ కూడలి బిగుతుగా ఉండాలి. ముడుచుకుని సందు విచ్చితే మంట ఆ సందులోకే దూరుతుంది. చూశారా, మళ్ళీ తేమ దగ్గరికే వచ్చాం.

చేత్తోనా, యంత్రంతోనా అన్నదాని మీద ఎక్కువ రాయను. ఒకేలాంటి కూడళ్ళు వందల కొద్దీ ఉంటే సీఎన్‌సీ (కంప్యూటరుతో నడిచే) యంత్రం చక్కగా కోస్తుంది. తిరిగే కత్తి కాబట్టి లోపలి మూలలు గుండ్రంగా వస్తాయి, కుసిని కూడా గుండ్రని అంచులతో గీసుకోండి, ఉలితో మూలలు చెక్కే పని తప్పుతుంది. వంకర దుంగలు, చేత్తో చెక్కిన దుంగలు వాడితేనే ఒక్కో ముక్కనూ పక్క ముక్క మీద పెట్టి గీతలు గీసుకునే పాత నైపుణ్యం కావాలి. ఫ్రెంచి వడ్రంగుల ఆ గీతల పద్ధతిని యునెస్కో 2009లో తన జాబితాలో చేర్చింది. మీ తిన్నని, చదరపు భవనానికి అది అవసరం లేదు. యంత్రంతో కోయించి, బిగించే దశలో మాత్రం చేయి తిరిగిన వడ్రంగులను పెట్టుకోండి.

చివరగా ఇంజినీరుతో ఎలా మాట్లాడాలి అన్నది. అతను వద్దనడానికి ఒక అసలు కారణం, అతని కోడ్ పుస్తకంలో చెక్క చీలతో బిగించిన కుసికి సూత్రం లేకపోవడం కావచ్చు. బోల్టుకు ఉంది, సంతకం పెట్టడం తేలిక. అమెరికాలో టింబర్ ఫ్రేమ్ ఇంజినీరింగ్ కౌన్సిల్ వాళ్ళ టీఎఫ్‌ఈసీ 1 అనే ప్రమాణంలో చీలల కూడళ్ళకు లెక్కలున్నాయి. యూరోకోడ్ 5కు జర్మనీ చేర్చుకున్న అనుబంధంలో వడ్రంగి కూర్పులకు, వాసం గాడికి నియమాలున్నాయి. ఆ రెండూ అతని ముందు పెట్టండి. ఆ తర్వాత కూడా సందేహం మిగిలిన ఒకటి రెండు కూడళ్ళను నిజమైన సైజులో చేసి ప్రయోగశాలలో విరగ్గొట్టించండి. నా అనుభవంలో ఇంజినీర్ల మనసు మార్చేది ఆ విరిగిన ముక్కే, వాదన కాదు. ఒకసారి నాతో నెలల తరబడి వాదించిన ఆయన, కూడలి విరిగిన తీరు చూశాక తనే కుసి మందం పెంచమని గీసి ఇచ్చారు.

కాబట్టి ముందు స్తంభాల వరసలు మార్చండి, దూలాలు రెండు ఎత్తుల్లోకి విడగొట్టండి, బయటి స్తంభాలను పైదాకా ఒకటిగా తీసుకెళ్ళండి. తర్వాత లోపలి స్తంభం దగ్గర కూడలిని ఒక్కదాన్ని 1:5 స్కేలులో, చీల రంధ్రాలతో సహా, మూడు వైపుల నుంచి గీసి ఇక్కడ పెట్టండి. దూలం జాతి, తేమ శాతం కూడా రాయండి. ట్రస్సు సంగతి ఆ తర్వాత చూద్దాం.